ఉప్పు: తగినంత

పోయినేడు బాత్రూంలో కాలు జారి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఎక్స్‌రే పట్టుకుని ఎక్కడ విరిగిందో డాక్టరుగారు వివరిస్తుంటే, నేను ఫ్రిజ్‌లో ఉన్న కూరగాయలు ఎన్నాళ్లు ఆగుతాయో లెక్కేసుకుంటున్నాను.

మా ఇంట్లో వంటంటే నేనే. మావారు టీ పెడతారు, పదమూడేళ్ల మా అబ్బాయి గుడ్లు ఉడకబెడతాడు, అక్కడితో సరి. చేతకాక కాదు, అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. మొదటి రోజు సాయంత్రం మావారు నా ఏప్రన్ కూడా కట్టుకుని బంగాళదుంపల కూరకి దిగారు. నేను పక్కన స్టూలు మీద, చెయ్యి మెడకి వేలాడేసుకుని.

"ఉప్పెంత వేయను?"

"సరిపడా."

"సరిపడా అంటే?"

"చూసి వేయండి."

"ఉప్పుని చూస్తే ఏం తెలుస్తుంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత చిన్న సంగతి తెలియదా అనిపించింది. తీరా చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. చెంచాడా? నేనెప్పుడూ చెంచాతో వేయలేదు. చిటికెడా? అంతకన్నా చాలా ఎక్కువ. కట్టులోంచి బయటికి కనిపిస్తున్న నా వేళ్లు మాత్రం, ఉప్పు పోసుకోవడానికన్నట్టు, వాటంతటవే గుంటగా ముడుచుకున్నాయి. వాటికి తెలుసు. నాకే తెలియదు.

ఆ రాత్రి కూరలో ఉప్పు మూడుసార్లు పడింది. ఉల్లిపాయలు వేగలేదు, ఉడికాయి. ముగ్గురం కిక్కురుమనకుండా తిన్నాం. మధ్యలో మా అబ్బాయి "ఇంకొంచెం వేసుకో నాన్నా" అని వాళ్ల నాన్నకే వడ్డించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నొప్పికి మాత్ర వేసుకుని పడుకున్నాను. లేచేసరికి ఇల్లంతా బ్రెడ్ వాసన. ఎవరో తెచ్చారనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి చూస్తే గట్టు నిండా పిండి, మావారి చొక్కా మీద పిండి, మధ్యలో జాలీ మీద ఎర్రగా, గుండ్రంగా, పైన పగుళ్లతో ఒక బ్రెడ్. బోర్లించి వేలితో తట్టి చూశాను. డొల్ల చప్పుడు వచ్చింది. సరిగ్గా కాలింది.

"ఎలా చేశారు?"

"నీ నోట్‌బుక్‌లో ఉంది కదా," అన్నారు మావారు, అదేం ప్రశ్న అన్నట్టు.

అప్పట్నుంచి ఈ సంగతి నా బుర్రలోంచి పోలేదు. బ్రెడ్ కష్టం, కూర తేలిక అని కదా అందరం అనుకునేది. బ్రెడ్డంటే పిండి పిసకాలి, పొంగాలి, కాలాలి, ఎక్కడ తేడా వచ్చినా మొత్తం పోతుంది. బంగాళదుంపల కూర చిన్నపిల్లలు కూడా చేస్తారు. అలాంటిది, ఇద్దరు కొత్తవాళ్లకి కష్టమైనది మొదటిసారే కుదిరింది. తేలికైనది, నేను పక్కనే కూర్చుని చెప్పినా చెడింది.

కారణం ఆ నోట్‌బుక్కే. రెండేళ్ల క్రితం బ్రెడ్ నేర్చుకునేటప్పుడు మొదటి మూడూ ఇటుకల్లా వచ్చాయి. నాలుగోసారికి ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నాను. ఏది ఎంత వేశానో, ఏం జరిగిందో ప్రతిసారీ రాసుకున్నాను. చివరికి కుదిరిన పేజీలో ఉన్నది ఇంతే: మైదా 500 గ్రాములు, నీళ్లు 325, ఉప్పు 10, ఈస్ట్ 5. ముద్దని చిన్న ముక్క తుంచి సాగదీస్తే చిరగకుండా, వెలుగు కనిపించేంత పలచన అయ్యేదాకా పిసకాలి. రెట్టింపు అయ్యేదాకా మూత పెట్టి ఉంచాలి. 220 డిగ్రీల్లో 35 నిమిషాలు. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి.

బేకరీల్లో చేసేవాళ్లకి దీనికో లెక్క ఉంది. పిండి ఎంతైనా దాన్ని 100 అనుకుంటారు, మిగతావన్నీ దానిలో వంతులు. నీళ్లు 65, ఉప్పు 2, ఈస్ట్ 1. చుట్టాలొస్తే పిండి కిలో తీసుకుంటారు, మిగతావి వాటంతటవే తేలిపోతాయి. నాకు ఈ లెక్క అర్థమైన రోజు కలిగిన సంతోషం పదో తరగతిలో లెక్కలు పాసైనప్పుడు కూడా కలగలేదు. కానీ అదే బుర్రతో కూర దగ్గరికి వెళ్తే మళ్లీ "సరిపడా". బ్రెడ్ నేను పెద్దయ్యాక, రాసుకుని నేర్చుకున్నాను. కూర అమ్మ పక్కన నిలబడి, చూసి నేర్చుకున్నాను. రాసి ఉన్నది నేను నిద్రపోయినా ఇంట్లో వాళ్లకి పనికొచ్చింది. చేతిలో ఉన్నది చేతితోపాటే కట్టులోకి వెళ్లిపోయింది.

మన వంటల పుస్తకం ఏది తెరిచినా కావలసిన పదార్థాల జాబితాలో చివరి వరుస ఒకటే ఉంటుంది. ఉప్పు: తగినంత. నూనె కూడా ఒక్కోసారి తగినంతే. ఎవరికి తగినంత? తెలిసినవాళ్లకి ఆ పుస్తకం అక్కర్లేదు, తెలియనివాళ్లకి ఆ మాట పనికిరాదు. వంటలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె దగ్గరికొచ్చేసరికి అందరం కలం కింద పెట్టేశాం.

దీన్ని గొప్పగా కూడా చెప్పుకుంటాం. కొలతలెందుకు, ఆవిడ చేతిలోనే ఏదో ఉంది అంటాం. అలా పొగిడించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ పొగడ్త చాలా తియ్యగా ఉంటుంది. ఒకసారి మా ఆడపడుచు ఏదో కూర తిని ఎలా చేశావంది. "ఏముంది వదినా, అన్నీ మామూలే" అన్నాను. మామూలు కాదు. చివర్లో నేను వేసేదొకటి ఉంది, అది కావాలనే చెప్పలేదు. ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నాను. వదినా, ఇది చదివితే ఫోన్ చెయ్యి, చెబుతాను.

దాచుకున్నందుకు నాకొచ్చిందేమిటి? జ్వరమొచ్చినా పొయ్యి దగ్గర నేనే. పెళ్లికి ఊరెళ్లాలంటే రెండు రోజుల ముందే వండి డబ్బాల్లో సర్ది, డబ్బాల మీద చీటీలు అంటించి వెళ్లడం. "నువ్వు చేస్తేనే బాగుంటుంది" అనే మాటలో నన్ను పొగిడిందెంతో, నా మెడకి కట్టిందీ అంతే. ఇందులో మావారి తప్పు లేదని అనను, ఆయన కూడా ఇన్నేళ్లు హాయిగా "నాకు రాదు" అనేసి పేపరు చదువుకున్నారు. కానీ రాయకుండా, చెప్పకుండా ఆ హాయిని ఆయనకి ఇచ్చింది నేనే.

కొలతల చరిత్ర వెతుక్కుంటే ఒకావిడ దగ్గర ఆగాను. ఫ్యానీ ఫార్మర్ అని, 1857లో అమెరికాలో పుట్టింది. పదహారేళ్లకి పక్షవాతం వచ్చి చదువు ఆగిపోయింది. కోలుకున్నా కుంటుతూనే నడిచేది. తర్వాత బోస్టన్‌లోని వంటల స్కూల్లో చేరి, దానికే ప్రిన్సిపాల్ అయింది. అంతకుముందు అక్కడి వంటల పుస్తకాల్లో "గుడ్డంత వెన్న" లాంటి కొలతలుండేవి. ఎవరింటి కోడి గుడ్డంత? 1896లో వచ్చిన తన పుస్తకంలో ఆవిడ ఒకటే పట్టు పట్టింది: చెంచాడంటే పైన కత్తితో సమంగా గీసిన చెంచాడు. ఎవరు వండినా ఒకేలా రావాలని. చెంచా మీద కత్తి గీయడం చిన్న పనే. దాంతో ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకునే వీలులేని మనిషికి కూడా వంట అందింది.

అయితే ఇలా చెంచాతోనో కప్పుతోనో కొలవడం కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. మైదాని జల్లించి మెల్లగా పోస్తే కప్పులో 120 గ్రాములు పట్టొచ్చు, అదే కప్పుని సంచిలో ముంచి అదిమితే 150 దాటొచ్చు. కేకుకి రెండున్నర కప్పులంటే తేడా ఎంతో చూసుకోండి. మెత్తటి ఉప్పు టీ చెంచాడు 6 గ్రాముల దాకా తూగుతుంది, రాళ్ల ఉప్పైతే మధ్యలో ఖాళీల వల్ల ఇంకా తక్కువ. అందుకే నా ఓటు కాటాకి. పైగా గిన్నె కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, పిండి పోసి, మళ్లీ సున్నా నొక్కి, నీళ్లు పోస్తే కప్పులూ చెంచాలూ కడిగే పనే ఉండదు. గిన్నెలు తోమేవాళ్లకి ఈ ఒక్క మాట చాలు.

గిన్నెల మాట వచ్చింది కాబట్టి. ఆదివారం కేకు చేసి, ఫొటో పెట్టి, సింకు నిండా గిన్నెలు వదిలి వెళ్లేవాళ్లంటే నాకు మంట. కేకుకి చప్పట్లు, బుధవారం రాత్రి కూరకి "ఉప్పు తక్కువైంది". ఇంట్లో తిండి నడిచేది బుధవారాల మీద. బేకింగ్‌ని పండగ సరదాగా పక్కన పెట్టడం నాకు నచ్చదు. అందులోంచి కాటానీ రాసుకునే అలవాటునీ తెచ్చి బుధవారం కూర పక్కన పెట్టాలన్నదే నా వాదన.

ఇక్కడ నా మీద నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. అంకెలు రాసేస్తే అన్నీ కుదురుతాయా? కుదరవు. ఒక సంచిలో పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఇంకోటి తక్కువ. ముసురు పట్టిన రోజు ముద్ద చేతికి అంటుకుంటుంది. ఓవెన్ డయల్ మీద 220 అని ఉన్నంత మాత్రాన లోపల 220 ఉందని నమ్మకం లేదు. తప్పు రాస్తే తప్పే వస్తుంది కూడా. మావారి పుట్టినరోజుకి అబ్బాయి కేకు చేస్తానన్నాడు. నా పేజీలో "సోడా 2 చెంచాలు" అని ఉంది. నేను బేకింగ్ పౌడర్‌నీ బేకింగ్ సోడానీ రెండింటినీ "సోడా" అనే పిలుస్తాను, ఏది ఎప్పుడో నాకు తెలుసు కాబట్టి. వాడికి తెలియదు. నిజంగా సోడానే వేశాడు. బేకింగ్ పౌడర్ కన్నా సోడా మూడు నాలుగు రెట్లు గట్టిది. పులుపు తగిలితేనే దాని పని అయిపోతుంది, తగలకుండా మిగిలిపోయిన సోడా సబ్బులా ఉంటుంది, కేకు రంగు కూడా ముదిరిపోతుంది. మావారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కొవ్వొత్తుల వైపు చూస్తూ, చాలాసేపు నమిలారు.

వాడు మొహం మాడ్చుకుంటే, ఈ బేకింగ్ పౌడర్ పుట్టిందే ఒక ఇంటి కోసమని చెప్పాను. 1843లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, ఈస్ట్ పడని భార్య కోసం సోడానీ పుల్లటి పొడినీ కలిపి దాన్ని తయారు చేశాడు. "ఆవిడకి మంచి కేకు దొరికింది, నాన్నకి సబ్బు" అన్నాడు వాడు. ఆ పేజీలో "సోడా" అన్నది కొట్టేసి, వాడి అక్షరాలతో "బేకింగ్ పౌడర్!!" అని పెద్దగా రాశాడు. ఇప్పటికీ ఉంది.

అంకెలు చాలని చోట కన్ను, ముక్కు, చెవి కావాలి. నిజానికి ఆ పనికి మన భాష బ్రహ్మాండంగా ఉంది. దోరగా వేయించు, పచ్చివాసన పోయేదాకా, చిటపటలాడేదాకా, నూనె పైకి తేలేదాకా. ఇవన్నీ కొలతలే, నిమిషాల కన్నా నమ్మకమైన కొలతలు. మీ మంటా నా మంటా ఒకటి కాదు, "5 నిమిషాలు" అంటే ఇద్దరికీ రెండు రకాలు. "దోరగా" మాత్రం ఎక్కడైనా దోరగానే. ఈస్ట్‌కి నీళ్లు "గోరువెచ్చగా" అని రాసుకున్నాను. మా అబ్బాయి వేలు ముంచి చూసి సరే అన్నాడట. 60 డిగ్రీల దగ్గరికొస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. అంత వేడిలో వేలు పెట్టి ఎవరూ ఉంచలేరు కాబట్టి వాడి వేలే థర్మామీటర్. మాటలోనే గోరుంది, ఇంకేం కావాలి?

కానీ ఈ మాటలు కూడా కారణం తెలియనివాళ్లకి ఖాళీ మాటలే. మావారు ఉల్లిపాయలు "ఎర్రగా" అయ్యేదాకా వేయించాలనే చూశారు. అరగంట చూశారు. నాలుగు ఉల్లిపాయలు చిన్న బాణలిలో కుక్కి, త్వరగా అవుతుందని మూత పెట్టి చూశారు. ఉల్లిపాయ నిండా నీళ్లే. ఆ నీళ్లు ఆవిరై పోనంతసేపూ బాణలిలో ఉన్నది 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఎర్రబడటం 140 దాటాకగానీ ఊపందుకోదు. దానికి మెయార్డ్ చర్య అని పేరు, 1912లో దాని గురించి రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మెయార్డ్ పేరు మీద. బ్రెడ్ పైపొర ఎర్రగా, లోపల తెల్లగా ఉండేది కూడా ఇందుకే. పైన తడి ఆరి వేడెక్కిపోతుంది, లోపలి భాగం నీళ్లతో ఉంటుంది కాబట్టి కాలి బయటికొచ్చేటప్పటికి కూడా వంద దాటదు. నేను ఇదంతా చెప్పి "మూత తీసేయండి, వెడల్పాటి బాణలి పెట్టండి" అన్నాను. మావారు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ముందు నీళ్లు పోవాలి, తర్వాతే రంగు" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఆయన ఉల్లిపాయలు నా వాటికన్నా బాగా వేగుతున్నాయి. ఒకింత కుళ్లుకుంటున్నాను కూడా.

ప్రేమ సంగతేమిటని అడుగుతారు కొందరు. గ్రాముల్లో తూచి వండితే అందులో ఆప్యాయత ఉంటుందా అని. కాటా మీద గిన్నె పెట్టి, 10 దగ్గర ఆగాలని ఊపిరి బిగబట్టి, ఒక్కో రవ్వా ఉప్పు రాల్చే పదమూడేళ్ల పిల్లాణ్ణి చూడండి ముందు. 11 చూపించిందని వేలి కొసతో ఒక గ్రాము వెనక్కి తీశాడు. వాళ్లమ్మ చెయ్యి విరిగి పడుకుంది కాబట్టి తీశాడు.

ఉప్పు తూచడం మొదలుపెట్టాక ఇంకోటి బయటపడింది. పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా ముగ్గురికీ కలిపి 15 కూడా కాదన్నమాట. బ్రెడ్ ఒక్కదానిలోనే 10 ఉంది. అది రెండు రోజులు వస్తుంది, అయినా కూర, సూపు, పచ్చడి, చిరుతిళ్లు కలుపుకుంటే మేం ఎక్కడో పైన ఉన్నాం. "తగినంత" అన్నాళ్లూ తగినంతే తింటున్నామనుకున్నాం. ఇప్పుడు కూరకి, గిన్నెలో ఉన్న మొత్తం బరువులో వందకి ఒక గ్రాము కన్నా కొంచెం తక్కువ వేస్తున్నాం. మొదటి వారం చప్పగా అనిపించింది. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఒక దానికి మాత్రం నాకింకా దారి దొరకలేదు. "ఈరోజు ఏం వండాలి?" ఏవి వాడిపోతున్నాయి, ఎవరికి ఏది పడదు, నిన్న ఏం తిన్నాం, పాలు ఉన్నాయా, ఈ లెక్క రోజంతా నా తలలో తిరుగుతూనే ఉంటుంది. వండటం పంచుకున్నాం, ఇది ఇంకా పంచుకోలేదు. దీన్ని ఏ కాటా మీద పెట్టాలో తెలియదు. మావారు "నువ్వు చెప్పు, నేను వండేస్తా" అంటారు, ఎంతో ఉదారంగా. ఆ "నువ్వు చెప్పు" బరువెంతో ఆయనకింకా తెలియదు. దానిమీద మరోసారి పోట్లాడతాను.

కట్టు విప్పిన వారానికి అమ్మ చూడ్డానికి వచ్చింది. ఊరికే కూర్చోదు కదా, వచ్చిన గంటకే వంటింట్లో ఉంది. మా అబ్బాయి నోట్‌బుక్ పట్టుకుని వెనకాలే తిరుగుతున్నాడు.

"అమ్మమ్మా, ఉప్పెంత వేస్తావు?"

"చూసి వేస్తానురా."

నాకు నవ్వాగలేదు. వాడు వదల్లేదు. కాటా తెచ్చి, దాని మీద చిన్న గిన్నె పెట్టి, "కూరలో వద్దు, దీన్లో వెయ్యి" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది, వీడికేమైందన్నట్టు. ఆ తర్వాత డబ్బాలోంచి ఉప్పు అరచేతి గుంటలో పోసుకుంది. వేళ్లు కొంచెం ముడిచి, బొటనవేలితో ఒకసారి సరిచేసి, గిన్నెలో వంచింది. 11 గ్రాములు. వాడు ఆ ఉప్పు డబ్బాలో పోసేసి, మళ్లీ వెయ్యమన్నాడు. 11. మూడోసారి 12.

"అమ్మమ్మా, నీకు ముందే తెలుసా?"

"తెలియకపోవడమేమిట్రా, యాభై ఏళ్ల నుంచి వేస్తున్నాను," అంది అమ్మ. "ఎవరూ అడగలేదు."

ఈలోగా మావారు పొయ్యి మీదున్న గిన్నెని మసిగుడ్డతో దించి, కాటా మీద పెట్టి, ఖాళీ గిన్నె బరువు తీసేసి చూశారు. కూర 1,220 గ్రాములుంది. వందకి 0.9 చొప్పున అబ్బాయి కాయితం మీద లెక్కేస్తుంటే, అమ్మ వాడి చేతిలోని చిన్న గిన్నె తీసుకుని ఉప్పు కూరలో పోసేసి, గరిటెతో కలిపి, మూత పెట్టేసింది.